నలుపు లోపమా?

నలుపు నారాయణ మెచ్చు అంటాం. తీరా సంబంధం మాట్లాడేటప్పుడు "పిల్ల ఏ రంగండీ?" అని అడగ్గానే తల్లి "చామనఛాయేనండీ" అని గొంతు తగ్గిస్తుంది. తలుపు చాటున విన్న పిల్ల మనసులో ఆ తగ్గిన గొంతే నాటుకుపోతుంది.

నిజానికి చర్మానికి రంగునిచ్చేది మెలనిన్ అనే పదార్థం. మండుటెండలో అదే మనకు గొడుగు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరులోంచి 2020లో "ఫెయిర్" మాట తీసేశారు; సంబంధాలు చూసే కళ్ళు మాత్రం అంతగా మారలేదు.

తెల్లబడాలని డాక్టరు చెప్పకుండా స్టీరాయిడ్ క్రీములు నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, మొటిమలు లేస్తాయి, ఎండ తగిలితే మండుతుంది. కొన్ని క్రీముల్లో కలిపే పాదరసం మూత్రపిండాలనే దెబ్బతీస్తుంది.

సోదరీమణులారా, ఈసారి ఎవరైనా రంగు అడిగితే "మా అమ్మాయి నలుపేనండీ" అని గొంతు తగ్గించకుండా చెప్పండి. లోపల పిల్ల వింటూంటుంది.