ఆపరేషను నొప్పికి చిన్న కరెంటు

భివండిలో కరెంటు అనగానే మనకు మరమగ్గమే గుర్తు వచ్చును. అది ఉన్న మగ్గము ఆడును, పోయిన కూలి పోవును. తీగ తగిలిన ఏమగునో కూడ మనకు బాగుగా తెలుసును. కనుకనే ఆపరేషను నొప్పి తగ్గుటకు కరెంటు పెట్టుదురనగానే పద్మనగర్ ఇండ్లలో మన పెద్దవారు బెదరుదురు. ఆ బెదురు తీరుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ పద్ధతికి టెన్స్ అని పేరు. చిన్న బ్యాటరీతో నడచు, అరచేతిలో ఇమిడెడు యంత్రమిది. దాని తీగల చివర చర్మమునకు అంటుకొను మెత్తని పట్టీలుండును. కోతకు ఇరుప్రక్కల, మంచి చర్మముపై వీనిని అంటింతురు. పుండు మీద ఎన్నడును అంటింపరాదు.

దెబ్బ తగిలిన చోట చేతితో రుద్దుకొన్న నొప్పి కొంత సర్దుకొనును గదా! వెన్నుపాములో ద్వారము వంటి ఏర్పాటు కలదనియు, స్పర్శ కబురు బలముగా చేరిన నొప్పి కబురుకు ఆ ద్వారము మూసుకొనుననియు 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు చెప్పిరి. టెన్స్ చేయునది ఆ పనియే. 2003లో 21 పరిశోధనలను కలిపి చూడగా, టెన్స్ పెట్టించుకొన్న ఆపరేషను రోగులు నొప్పిమందులు సగటున నాలుగవ వంతు తక్కువ వాడినట్లు తేలెను.

ఇందులో మనకు ముఖ్యమైన సంగతి ఒకటున్నది. హెర్నియా కోత అయిన మగ్గపు పనివాడు గాని, సిజేరియను అయిన బాలెంత గాని నొప్పికి జడిసి దగ్గు బిగపట్టుదురు, మంచము దిగరు. అందువలన కఫము పేరుకొనును, కాళ్ళలో రక్తము గడ్డకట్టవచ్చును. నొప్పి కొంత తగ్గిన లేచి నాలుగడుగులు వేయగలరు.

డాక్టరు చెప్పనిదే దీనిని పెట్టుకొనరాదు. జివజివ గట్టిగా తెలియవలెను గాని బాధ కలుగరాదు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు వాడరాదు. గర్భిణి పొట్టమీద, ఎవరికైనను గొంతు ముందుభాగమున పెట్టరాదు. మోటారు పని తెలుసును గదా అని ఇంటి కరెంటుతో ఇటువంటిది తయారుచేసిన ప్రాణాపాయము.

టెన్స్ కోతను మాన్పదు. డాక్టరిచ్చిన మాత్రలను మనంతట మనము ఆపరాదు. నొప్పి రోజురోజుకు హెచ్చినను, జ్వరము గాని చీము గాని కనిపించినను యంత్రము ప్రక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపవలెను. ఆ నొప్పి అణచవలసినది కాదు, వినవలసినది.