సూదిలో దారం ఎక్కుతోందా?

బొంత కుట్టడం మొదలుపెట్టేవారు కళ్లు, చేతులు, పాదాల సంగతీ చూసుకోవాలి

ధనుర్మాసం వచ్చిందంటే కృష్ణా డెల్టాలో తెల్లవారుజామున ఏదో ఒకటి కప్పుకోక తప్పదు. అలాగని మందపాటి రజాయి వేసుకుంటే అర్ధరాత్రికే చెమట పట్టి కాళ్లతో తన్నేస్తాం. తెనాలి ఊరి మధ్య నుంచే కాలువలు పారతాయి. రేపల్లెకు ఓ పక్క కృష్ణ, బాపట్లకు చేరువలో సూర్యలంక తీరం. ఈ తేమకూ ఈ కొద్దిపాటి చలికీ సరిగ్గా సరిపోయేది పాత నేత చీరల్ని రెండు మూడు పొరలుగా వేసి కుట్టిన బొంతే.

పిల్లలు చదువులకు వెళ్లిపోయాకో, రిటైరయ్యాకో, కూతురి కానుపు దగ్గరపడ్డాకో చాలామందికి ఈ పని మీదికి మనసు పోతుంది. అంటే నలభై అయిదు నుంచి అరవై అయిదు ఏళ్ల మధ్య. చత్వారం, షుగరు, మెడనొప్పి పలకరించే వయసూ అదే. అందుకే బొంత కుట్టడం మొదలుపెడితే గుడ్డలతో పాటు మన ఒంట్లోని అతుకులూ బయటపడతాయి.

మొదటిది గజం బొంత

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటే. మొదటి ప్రయత్నంలోనే డబుల్ కాట్‌కు సరిపడా బొంత పరిచేస్తారు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. గజం పొడవు, గజం వెడల్పున్న చిన్న బొంతకు అంగుళం ఎడంలో వరసలు కుడితే మొత్తం 36 గజాల కుట్టు. అంగుళానికి నాలుగు కుట్లయినా అయిదు వేలు దాటతాయి. అదే అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవైతే ఇరవై వేలు. ప్రతి కుట్టుకూ సూదిని నెట్టేది, లాగేది బొటనవేలూ చూపుడువేలే. అలవాటు లేని చేతికి ఇరవై వేల కుట్లంటే మాటలు కాదు.

చీరలు, దర్జీ దగ్గర తెచ్చిన కటింగు ముక్కలు ముందే ఉతికి ఆరబెట్టండి. కొత్త ముక్కలు ఉతక్కుండా కుడితే తర్వాత కుంచించుకుపోయి బొంత ముడతలు పడుతుంది. పొరలు నేల మీద పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసుకోవాలి. ఆ తర్వాత మధ్య నుంచి అంచులకు కుట్టుకుంటూ పోతే గుడ్డ పోగుపడదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ మహిళలు మాత్రం తమ కవంది బొంతల్ని అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. వాళ్ల చేతివాటం వేరు. మనం మధ్య నుంచే మొదలుపెడదాం.

బెజ్జం చెప్పే జబ్బులు

కంటి డాక్టరు గోడకు తగిలించే అక్షరాల పటం లాంటిదే ఇంట్లోని సూది బెజ్జం. నలభై దాటాక దారం ఎక్కించడానికి సూదిని దూరంగా జరుపుతున్నారంటే అది చత్వారం. జబ్బు కాదు, వయసు. కళ్లజోడుతో తీరిపోతుంది. బజారులో దొరికే రెడీమేడ్ జోడుతో సరిపెట్టుకోవచ్చుగానీ, రెండు కళ్లకూ ఒకే నంబరు ఉండాలని లేదు. పైగా నీటికాసుల వంటివి పరీక్ష చేయించుకుంటే తప్ప తెలియవు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఇంట్లో డెబ్భై ఏళ్ల పెద్దావిడ “చూశావుటే అమ్మాయ్, జోడు లేకుండానే ఎక్కించా!” అని సంబరపడితే మనమూ సంబరపడిపోతాం. నిజానికి అది శుక్లానికి మొదటి గుర్తు కావచ్చు. కంటిలోని కటకం మధ్యభాగం గట్టిపడుతున్నప్పుడు కొన్నాళ్లపాటు దగ్గరి చూపు బాగుపడినట్టు ఉంటుంది. దూరపు చూపు మాత్రం మసకబారుతుంది. బెజ్జం కనిపిస్తోంది సరే, వీధి చివర బస్సు బోర్డు కనిపిస్తోందా అని అడిగి చూడండి.

షుగరు ఉన్నవారికైతే నిన్న ఎక్కిన దారం ఇవాళ ఎక్కకపోవచ్చు. రక్తంలో చక్కెర బాగా హెచ్చుతగ్గులైతే కటకం ఉబ్బి చూపు మారిపోతుంది. అలాంటప్పుడు కొత్త జోడు కోసం పరుగెత్తకండి. ముందు షుగరు అదుపులోకి తెచ్చుకుని, ఆ తర్వాత నంబరు చూపించుకోవాలి. ఏడాదికోసారి కంటిలో చుక్కలు వేసి రెటీనా చూసే పరీక్ష ఎటూ తప్పదు.

కుట్టేటప్పుడు రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి. 20 నిమిషాలకోసారి తలెత్తి 20 అడుగుల దూరంలోని వాటిని 20 సెకన్లు చూడాలి. కుడిచేత్తో కుట్టేవారికి వెలుతురు ఎడమ పక్క నుంచి పడాలి. అప్పుడే చేతి నీడ కుట్టు మీద పడదు. ముదురు రంగు గుడ్డ మీద కుట్టే పని పగటికే అట్టిపెట్టుకోండి.

మెడ, మణికట్టు

గోడకు ఆనుకుని, ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద బొంత పరుచుకుంటే పని కంటికి మూరెడు దూరంలోకి వస్తుంది, మెడ వంచే బాధ తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ, బల్ల మేలు. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందని అనుమానించాలి. షుగరు, థైరాయిడ్ ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఓర్చుకుని కుట్టేస్తే పోయేది కాదు, డాక్టరుకు చూపించాలి.

సూదులు లెక్కపెట్టండి

ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గుతుంది. నేల మీద పడ్డ సూది కాల్లో దిగినా వాళ్లకు తెలియకపోవచ్చు. వాచి, చీము పట్టాకే బయటపడుతుంది. కుట్టడానికి కూర్చునే ముందు ఎన్ని సూదులు తీశారో, లేచేటప్పుడు అన్నీ డబ్బాలో ఉండాలి. ఒకటి తగ్గినా, విరిగినా అయస్కాంతంతో నేలంతా వెతకండి. కుట్టే గదిలోకి పెద్దవాళ్లు చెప్పులు వేసుకునే రావాలి. నడి ఇంట్లో చెప్పులేమిటని అత్తగారు అంటారేమో, ఇంటికే అట్టిపెట్టుకున్న జతైతే ఆవిడా ఒప్పుకుంటారు. సూది విరిగి లోపలే ఉండిపోతే పిన్నీసుతో కెలకొద్దు. ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ అక్కడే అడగండి.

ఇన్ని జాగ్రత్తలంటే అసలు ఎందుకు కుట్టడం అనిపించవచ్చు. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు బొంతలు కుట్టే 29 మందితో మాట్లాడి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. రంగులతో గడపడం, పనిలో పడి దిగులు మరవడం, నలుగురితో కలిసి కూర్చోవడం మనసుకు మేలు చేస్తున్నాయని వాళ్లు చెప్పారు. అమెరికాలో 60 నుంచి 90 ఏళ్లవారికి వారానికి 15 గంటల లెక్కన మూడు నెలలు కొత్త విద్యలు నేర్పి చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. అందులో జ్ఞాపకశక్తి స్పష్టంగా మెరుగైంది ఎక్కువగా ఫొటోగ్రఫీ నేర్చుకున్నవారిలో. ఒక్క బొంత కుట్టుకే మతిమరుపు పోతుందని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. మనసుకు హాయి అన్నంత వరకు చాలు.

పుట్టబోయే పాపకు బొంత

ఎక్కువమంది మొదటి బొంత మనవడికో మనవరాలికో కుడతారు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయేటప్పుడు మీద బొంత కప్పకూడదు. మెత్తని దిండ్లు చుట్టూ పేర్చకూడదు. మొహం మీదికి జరిగితే తీసేసుకునే శక్తి ఆ పసిచేతులకు ఉండదు. బిడ్డను కుంగని పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలన్నది పిల్లల వైద్యుల మాట. చలిగా ఉంటే ఒంటికి ఇంకో పొర చొక్కా తొడగండి. అమ్మమ్మ బొంత మెలకువగా ఉన్నప్పుడు పాపను బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి కింద పరచండి, పక్కనే ఎవరైనా కూర్చుని ఉండాలి. బొంత మీద గుండీలు, పూసలు, వేలాడే కుచ్చులు వద్దు. కుట్టడం పూర్తయ్యాక దాన్ని అరచేత్తో అంగుళం అంగుళం తడిమి, లోపల సూది ముక్క ఏదీ మిగల్లేదని చూసుకున్నాకే ఇవ్వండి.

మూడు పొరలకు మించకపోతే బొంత ఒక్క ఎండకే ఆరిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి ముసురు రోజుల్లో మందపాటివి ఆరక బూజు పడతాయి, ఆస్తమా ఉన్న ఇంట్లో అది పనికిరాదు. దుమ్ములోని సన్నటి పురుగులు చావాలంటే 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. నేత గుడ్డ ఆ వేడికి తట్టుకుంటుంది, రంగు పోయే ముక్కలే వేరుగా చూసుకోవాలి.