సినిమా ఎందుకు ఆగింది?

భిలాయిలో మాకు బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. ఆదివారం రాత్రి అమ్మమ్మతో కలిసి తెలుగు సినిమా చూస్తాం. మొన్న తెర మీద "వీపీఎన్ ఆపండి" అని పడింది. నాన్న ఆఫీసు పని కోసం పెట్టుకున్న వీపీఎన్ అది.

వీపీఎన్ అంటే ఇంటర్నెట్‌లో సొరంగం. మనం భిలాయిలో ఉన్నా, అవతలివారికి కనిపించేది సొరంగం చివరనున్న సర్వరు ఐపీ చిరునామాయే. అది సింగపూరులో ఉంటే మనమూ సింగపూరు వాళ్లమే! సినిమా హక్కులేమో దేశాలవారీగా అమ్ముతారు. అందుకే కంపెనీలు అలాంటి సర్వర్ల చిరునామాలను గుర్తుపట్టి అడ్డుకుంటాయి. నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చింది 2016 జనవరిలో. ఈ అడ్డుకట్టను ప్రకటించిందీ ఆ నెలలోనే. డబ్బు కట్టి, ఏ మోసమూ చేయనివాళ్లూ ఇందులో చిక్కుకుంటారు. అది మాకు న్యాయంగా తోచలేదు.

నాన్న వీపీఎన్ ఆపాక సినిమా మొదలైంది. అప్పటికే అమ్మమ్మ నిద్రపోయింది.