పులి మెడ మీద వాపా? కత్తి పెట్టే ముందు ఆగాలి!

మాది ఆళ్లగడ్డ. చిన్నప్పుడు శిల్పశాలల దగ్గర రాతి సింహాల మెడ మీద జూలు చెక్కుతుంటే గంటలకొద్దీ నిలబడి చూసేవాణ్ని. ఇప్పుడు వెటర్నరీ చదువుతున్నా. ఆ జూలు కింద ఏముంటుందో తెలిశాక నా చూపు ముందు మెడ మీదికే పోతోంది.

2023 మార్చి గుర్తుందా? మన నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. అటవీశాఖ వాళ్లు నల్లమలలో ఎంత వెతికినా తల్లితో కలపడం కుదరలేదు. చివరికి తిరుపతి జూకి పంపారు. ఆ వీడియోలు మనమంతా షేర్ చేసుకున్నాం. జూలో వాటికి ఉచ్చుల భయం లేదు. కానీ పెద్దయ్యాక పక్క పులితో కొట్లాట వస్తే?

పులి కోరపన్ను ఆరు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. అది మెడలో దిగితే బయట కనిపించేది చిన్న చిల్లే. లోపల మాత్రం తలకు రక్తం మోసుకెళ్లే కారోటిడ్ ధమని, తల నుంచి రక్తాన్ని వెనక్కి తెచ్చే జుగులర్ సిర ఉంటాయి. బొచ్చు దట్టంగా ఉంటే రక్తపు చుక్క కూడా బయట పడకపోవచ్చు.

చీమా? రక్తమా?

కొన్ని రోజులకు అక్కడ వాపు వస్తుంది. కాటు గాయం కదా, చీముగడ్డే అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ ధమని గోడ చిట్లి, రక్తం చుట్టూ గూడు కట్టినా పైకి అలాగే ఉంటుంది. చీము తీద్దామని కత్తి పెడితే ఇక రక్తం ఆగదు. వాపు మీద చెయ్యి పెడితే నాడిలా కొట్టుకుంటోందా? ధమని, సిర కలిసిపోతే సన్నటి జుమ్మనే అదురు తెలుస్తుంది. స్టెతస్కోప్‌లో ఆగకుండా హోరు వినిపిస్తుంది. డాప్లర్ అల్ట్రాసౌండ్‌లో రక్తం ఎటు పారుతోందో కనిపిస్తుంది. ఇంకా స్పష్టంగా కావాలంటే రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్ తీయాలి.

మరి రక్తపరీక్ష చేస్తే తెలిసిపోదా అంటారా? రక్తం పోయిన వెంటనే రిపోర్టు మామూలుగానే రావచ్చు. కణాలూ, ద్రవమూ కలిసే పోతాయి కదా!

అసలు చిక్కు

పులిని ముట్టుకోవాలంటే మత్తు ఇవ్వాలి. రక్తం పోయి నీరసించిన జంతువుకు ఆ మత్తే ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే మత్తు ఇవ్వకముందే దూరం నుంచి చూసి పట్టుకున్న ప్రతి గుర్తూ విలువైనదే. చిగుళ్లు పాలిపోయాయా? మింగడానికి ఇబ్బంది పడుతోందా? ఒక కంటిపాప చిన్నదై, మూడో రెప్ప బయటికొచ్చిందా? కారోటిడ్ పక్కనే కంటికి వెళ్లే నరం కూడా ఉంటుంది మరి. ఇవన్నీ కీపర్ ఫోన్‌లో తీసే అర నిమిషం వీడియోలో దొరకొచ్చు.

ఈసారి తిరుపతి జూకి వెళ్తే పులితో పాటు దాని కీపర్‌నీ ఒకసారి చూడండి. మన నల్లమల కూనకు దెబ్బ తగిలితే ముందుగా కనిపెట్టాల్సింది ఆ కళ్లే.