అగ్నిపర్వతం రాయించిన నవల, పందెం రాయించిన పుస్తకం

ఫ్రాంకెన్‌స్టైన్ భూతానికి ప్రాణం పోసింది ఓ అగ్నిపర్వతమని మీకు తెలుసా? 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా పర్వతం బద్దలైంది. దాని బూడిద, గంధకపు పొగ ఆకాశాన్ని ఎంతగా కమ్మేశాయంటే, మరుసటేడు యూరప్‌కి వేసవే రాలేదు! జెనీవా సరస్సు ఒడ్డున సెలవులు గడుపుదామని వెళ్లిన ఇంగ్లిష్ మిత్రబృందం ముసురుకి గడప దాటలేకపోయింది. ఏమీ తోచక కవి బైరన్ ఓ పోటీ పెట్టారు: తలా ఓ దెయ్యం కథ రాయాలి! కవి షెల్లీతో వచ్చిన మేరీకి అప్పటికి 18 ఏళ్లు. ఆ పోటీకి తట్టిన ఊహే 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలైంది. బైరన్ వెంట వచ్చిన డాక్టర్ పాలిడోరి రాసిన రక్తపిశాచి కథకీ బీజం అక్కడే పడింది. ఒక్క ముసురుకి రెండు పిశాచాలు! మన వానలే నయం, పకోడీలతో సరిపెడతాయి.

కలలోంచి లేపినందుకు మొగుడి చేత చీవాట్లు తిన్న ఇల్లాలి సంగతి తెలుసా? రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ నిద్రలో కేకలు పెడుతుంటే భార్య ఫానీ హడలిపోయి తట్టి లేపారు. ఆయన కృతజ్ఞత చెప్పలేదు సరికదా, మంచి భయంకరమైన కథ మధ్యలో లేపేశావేమిటని విసుక్కున్నారు! ఆ కలే ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ కథకి బీజం.

ఆయనదే ఇంకోటి. ‘ట్రెజర్ ఐలండ్’లో ముందు పుట్టింది కథ కాదు, పటం! 1881లో స్కాట్లండ్‌లో వానపడుతుంటే, సవతి కొడుకు లాయిడ్‌కి కాలక్షేపంగా ఓ దీవి పటం గీసి రంగులు వేశారు. పటం చూస్తుంటే పాత్రలు వాటంతటవే నడిచొచ్చాయట. తీరా పుస్తకానికని పంపితే ఆ పటం కాస్తా పోయింది. పాపం, తన కథ తనే మళ్లీ చదువుకుంటూ కొత్త పటం గీసుకున్నారు. నిధి దొరికింది, పటం పోయింది!

ఓ విద్యార్థి ఖాళీగా వదిలేసిన పేజీలోంచి ఎవరు పుట్టారో తెలుసా? హాబిట్! ప్రొఫెసర్ టోల్కీన్ పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ విసిగిపోయి, ఎదురుగా తెల్ల కాగితం కనబడేసరికి హాబిట్ గురించి ఓ వాక్యం గిలికారు. హాబిట్ అంటే ఎవరో అప్పటికి ఆయనకే తెలియదు! 1937లో పుస్తకం వచ్చింది. పిల్లలూ, ఈ ముక్క మీ మాస్టారికి చెప్పి మార్కులడక్కండి.

సరే, మనింటికొద్దాం. ‘కన్యాశుల్కం’ వెనక ఓ లెక్కల చిట్టా ఉందని తెలుసా? విజయనగరం మహారాజా పురమాయిస్తే, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లల్ని డబ్బు తీసుకుని పెళ్లి చేసిన ఉదంతాలు పోగుచేశారు. మూడేళ్లలో తేలినవి 1034! అందులో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పాపలు? ముగ్గురు! ఒక్కో పాప ధర 350 నుంచి 400 రూపాయలు. నాటకానికి రాసుకున్న ఇంగ్లిష్ ముందుమాటలో గురజాడ అప్పారావు గారే ఈ అంకెలన్నీ ఏకరువు పెట్టారు. ఈ చిట్టా చదివి నవ్వగలిగినవాడు మనిషి కాదు. అయినా దాన్ని పక్కనే పెట్టుకుని ఆయన నవ్వించే గిరీశం పాత్రని సృష్టించారు. ఆ నాటకానికి నూరేళ్లు దాటినా మనం నవ్వుతూనే ఉన్నాం. ఏం గుండెండీ ఆయనది!

అప్పు తెచ్చుకున్న కథని వడ్డీతో తీర్చినవారు తెలుసా? కందుకూరి వీరేశలింగం గారు! గోల్డ్‌స్మిత్ నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ స్ఫూర్తితో ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. అది ఇంగ్లిష్‌లోకి అనువాదమై 1887లో లండన్‌లోనే అచ్చయింది. ఇంగ్లండ్ సరుకు ఇంగ్లండ్‌కే, ముస్తాబు మాత్రం రాజమండ్రిది!

‘మాలపల్లి’ నవల ఎక్కడ రాశారో తెలుసా? రాయవేలూరు జైల్లో! ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని లోపల పెట్టి తీరిక కల్పించిన తెల్లదొరల ప్రభుత్వమే, పుస్తకం బయటికొచ్చాక నిషేధించింది. స్వయంకృతం!

కథల్లోని ఊరు మాల్గుడికి ముహూర్తం పెట్టింది ఓ అమ్మమ్మ! ఆర్కే నారాయణ్ అమ్మమ్మ గారు చెప్పిన మంచిరోజున బెంగళూరులో కొత్త నోటుపుస్తకం తెరిచి కూర్చుంటే, ముందుగా ఆయనకి కనిపించింది ఓ చిన్న రైల్వే స్టేషన్. ఊరు తర్వాత వచ్చింది. టికెట్ కొందామంటే ఆ స్టేషన్ ఇప్పటికీ ఏ టైంటేబుల్లోనూ లేదు!

మందుల పత్రిక మెచ్చుకున్న డిటెక్టివ్ నవల ఏది? అగాథా క్రిస్టీ మొదటి నవల! మొదటి ప్రపంచయుద్ధంలో ఆమె ఆసుపత్రి మందుల గదిలో పనిచేశారు. ఏ సీసాలో ఎంత విషముందో కొట్టినపిండి. విషప్రయోగం అంత కచ్చితంగా రాశారని ఫార్మసీవాళ్ల పత్రిక శభాష్ అంది. మెచ్చుకుంది సరే, ఆమె ఇచ్చే కాఫీ తాగేవారా అని నా అనుమానం.

జేమ్స్ బాండ్ నిజంగా ఉండేవారు, తెలుసా? పక్షుల శాస్త్రవేత్త! జమైకాలో ఇయాన్ ఫ్లెమింగ్ అల్మారాలో ఆయన రాసిన వెస్టిండీస్ పక్షుల పుస్తకం ఉండేది. తన గూఢచారి హీరోకి చప్పగా ఉండే పేరు కావాలని వెతుకుతున్న ఫ్లెమింగ్ ఆ పేరు కాజేశారు. చప్పటి పేరట!

చిలీకి పడమర సముద్రంలో ఓ దీవి మీద అలెగ్జాండర్ సెల్కిర్క్ అనే నావికుడు 1704 నుంచి నాలుగేళ్లకు పైగా ఒంటరిగా బతికాడు. ‘రాబిన్సన్ క్రూసో’ నవలకి మూలం అతనే అంటారు. 1966లో చిలీ ప్రభుత్వం ఆ దీవికి పేరు మార్చింది. ఎవరి పేరు పెట్టింది? రాబిన్సన్ క్రూసో దీవి! మరి సెల్కిర్క్ పేరో? దూరంగా ఉన్న వేరే దీవికి! కష్టం ఒకడిది, అడ్రసు ఇంకొకడిది.

చివరిగా ఓ పందెం. 50 మాటలకు మించకుండా పిల్లల పుస్తకం రాయలేవని ప్రచురణకర్త బెనెట్ సర్ఫ్, రచయిత డాక్టర్ స్యూస్‌తో 50 డాలర్లు పందెం కాశారు. 1960లో ‘గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్’ వచ్చింది. ఎన్ని మాటలు? సరిగ్గా 50! లక్షలకు లక్షలు ప్రతులు అమ్ముడుపోయాయి. ఆ 50 డాలర్లు మాత్రం సర్ఫ్ ఇవ్వనేలేదని స్యూస్ చెప్పుకునేవారు!