రాత్రివేళ సముద్రంపై హెలికాప్టర్ ప్రయాణం - భద్రతా చర్యలు

చీడికాడ: అనకాపల్లి జిల్లా చీడికాడ మండలంలోని కోనాం జలాశయం గట్టుపై అమావాస్య రాత్రి నిలిచి చూసిన వారికి నీరు ఎక్కడ ముగిసినదో, కొండ ఎక్కడ మొదలైనదో తెలియదు. దూరాన ఊరిలో వెలిగే నాలుగు దీపాలే దిక్కును, దూరాన్ని తెలుపుతాయి. ఆ దీపాలు సైతం లేని బంగాళాఖాతంపై, గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన వేగంతో హెలికాప్టర్ నడిపే పైలట్ పరిస్థితి ఇంతకన్నా ఎన్నో రెట్లు క్లిష్టమైనది.

కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి-6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో సహజవాయువు ఉత్పత్తి ప్రారంభం కాగా, కాకినాడ తీరానికి ఆవల ఓఎన్‌జీసీ చేపట్టిన లోతు సముద్ర క్షేత్రం నుంచి 2024 జనవరిలో తొలి చమురు వెలువడింది. ఈ రంగంలో సిబ్బంది రాకపోకలకు హెలికాప్టర్లు ప్రధాన సాధనం. ఈ ప్రయాణాలను సాధారణంగా పగటిపూటే నిర్వహిస్తారు. రాత్రి ప్రయాణం తప్పనిసరి అయ్యేది అధిక భాగం ఒకే ఒక సందర్భంలో: నడిసముద్రంలోని వేదికపై ఎవరికైనా గుండెపోటు వచ్చినప్పుడు లేదా తీవ్ర గాయమైనప్పుడు. నౌకలపై ఆపదలో ఉన్నవారిని కాపాడేందుకు నౌకాదళం, కోస్ట్ గార్డ్ హెలికాప్టర్లు కూడా చీకటిలో ఎగరవలసి వస్తుంది. విశాఖపట్నంలోని ఐఎన్‌ఎస్ డేగ స్థావరంలో 2022 జులైలో అధునాతన తేలికపాటి హెలికాప్టర్ల స్క్వాడ్రన్ ఒకటి ఏర్పాటైంది.

చీకటిలో పొంచి ఉన్న అసలు ప్రమాదం యంత్రలోపం కాదు, మనిషి ఇంద్రియాలు చెప్పే అబద్ధం. లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ నెమ్మదిగా జరిగే వంపును గుర్తించలేదు. వేగం పెరిగినప్పుడు ముక్కు పైకి లేచినట్లు భ్రమ కలిగిస్తుంది. దానిని సరిదిద్దుతున్నానని భావించి పైలట్ హెలికాప్టర్‌ను నీటి వైపునకే నడిపే అవకాశం ఉన్నది. దూరాన చేపల పడవల దీపాలు నక్షత్రాల వలె కనిపించి, లేని దిగంతాన్ని చూపుతాయి. నల్లని నీటి మధ్య ఒకే వెలుగుముద్దగా కనిపించే చమురు వేదిక ఎంత దూరంలో, ఎంత దిగువన ఉన్నదో కంటితో అంచనా వేయడం అనుభవజ్ఞులకు సైతం కష్టమే.

ఇంగ్లండ్ పశ్చిమ తీరంలోని మోర్‌కాంబ్ అఖాతంలో 2006 డిసెంబర్ 27 రాత్రి ఒక డాఫిన్ హెలికాప్టర్ వేదికపై దిగే ప్రయత్నంలో సముద్రంలో కూలి అందులోని ఏడుగురూ మరణించారు. చీకటిలో దిశాభ్రమకు లోనైన సహ పైలట్ నుంచి కెప్టెన్ నియంత్రణ చేపట్టేలోగా సమయం మించిపోయింది. 2009 ఫిబ్రవరి 18న ఉత్తర సముద్రంలో ఇటువంటి ప్రయత్నంలోనే మరో హెలికాప్టర్ నీటిని తాకగా, 18 మంది ప్రాణాలతో బయటపడ్డారు. మన దేశంలో 2015 నవంబర్ 4న ముంబై తీరానికి ఆవల రాత్రి శిక్షణలో ఉన్న పవన్ హన్స్ హెలికాప్టర్ కూలి ఇద్దరు పైలట్లు మృతిచెందారు. 2024 సెప్టెంబర్ 2 రాత్రి పోర్‌బందర్ వద్ద ఒక ట్యాంకర్ నుంచి క్షతగాత్రుని తెచ్చేందుకు వెళ్లిన కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ సముద్రంలో పడి, నలుగురు సిబ్బందిలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

అందువల్లనే రాత్రి ప్రయాణానికి ఇద్దరు పైలట్లు ఉండవలెనని, ఒకరు నడుపుతుండగా రెండవ వారు కేవలం పరికరాలను గమనిస్తూ ఎత్తు, వేగం హద్దు దాటిన వెంటనే హెచ్చరించవలెనని నిపుణులు నిర్దేశించారు. రేడియో ఆల్టీమీటర్ తరంగాలను నీటిపైకి పంపి అసలైన ఎత్తును తెలుపుతుంది. గాలికి ఎదురుగా దిగవలసి ఉన్నందున వేదిక కొన్నిసార్లు ఒక పైలట్‌కే కనిపిస్తుంది. నియంత్రణ ఎవరి చేతిలో ఉండవలెనో బయలుదేరక మునుపే నిశ్చయించుకోవడం ఇందుకే. దిగడం స్థిరంగా సాగకపోతే మారు ఆలోచన లేకుండా పైకి లేవవలెను. రాత్రి అభ్యాసం కొంతకాలం ఆగినా నైపుణ్యం తగ్గుతుంది. అయితే ఆ అభ్యాసమే ప్రమాదకరమని 2015 ఘటన తెలిపింది. ఈ చిక్కును కొంతవరకు తీర్చేది సిమ్యులేటర్ శిక్షణ.

హెలిడెక్ అంచున పూర్వం పసుపు దీపాలు ఉండేవి. వేదికపై వెలిగే వందలాది ఇతర దీపాలలో అవి కలిసిపోయేవి. ఇప్పుడు ఆకుపచ్చ దీపాలను, దిగవలసిన చోట వెలిగే పసుపు వలయాన్ని అంతర్జాతీయ ప్రమాణాలు సూచిస్తున్నాయి. పైలట్ కళ్లలో పడే ఫ్లడ్ లైట్లు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తాయి.

ప్రయాణికులకు నీట మునిగి తలక్రిందులైన నమూనా క్యాబిన్ నుంచి బయటపడే శిక్షణ ఇస్తారు. చీకటిలో కిటికీ కనబడదు కనుక కూర్చున్న వెంటనే దానిని చేతితో తడిమి గుర్తుంచుకోవలెను. లైఫ్ జాకెట్‌ను లోపల ఉండగా ఉబ్బించరాదు. అలా చేస్తే క్యాబిన్ పైకప్పుకు అతుక్కుపోయి బయటకు రావడం అసాధ్యమవుతుంది. 2022 జూన్ 28న ముంబై తీరాన పగటివేళ సముద్రంలో పడిన హెలికాప్టర్‌లోని తొమ్మిది మందిలో ఐదుగురు బ్రతికారు. నీటిపై తేల్చే ఫ్లోట్లు అందులో వినియోగంలోకి వచ్చాయి.

రాత్రి ఫోన్ రాగానే హెలికాప్టర్‌ను పంపడమే మార్గం కాదు. వేదికపై ఉన్న వైద్యుడు ఒడ్డున ఉన్న నిపుణులతో మాట్లాడి, రోగి తెల్లవారే వరకు నిలకడగా ఉండగలడా, సహాయక నౌకలో తరలించవచ్చునా అని ముందుగా తేల్చవలెను. రోగి పరిస్థితిని పైలట్లకు వివరంగా చెప్పరాదని కొందరు నిపుణులు భావిస్తారు. జాలి వల్ల వాతావరణంపై నిర్ణయం మారకూడదన్నది వారి వాదన. వెళ్లుట, మానుట అనే తుది నిర్ణయం కెప్టెన్‌దే.