గండికోటలో గుడారం ఎక్కడ వేయాలి?

కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోయిన చోట గండికోట ఉంది. రాత్రి గుడారంలో పడుకుని, తెల్లారి లోయ మీద సూర్యోదయం చూడటానికి చాలామంది వస్తారు.

మరి లోయ అంచునే వేసుకోవచ్చా? వద్దు. అక్కడ గాలిని ఆపేదేమీ ఉండదు. చీకట్లో ఒక్క అడుగు తప్పినా ప్రాణాపాయం.

ఎండిన వంకలో మెత్తని ఇసుక ఉందిగా? అది ఇంకా ప్రమాదం! రాయలసీమలో వానలు తక్కువే, కానీ ఒక్కోసారి కుండపోతగా కురుస్తాయి. రాతి కొండలు నీటిని ఇంకించుకోవు. ఆ నీళ్లన్నీ వంకలోకే పరుగెత్తుతాయి. మీ తల మీద చుక్క పడకపోయినా, ఎగువన కురిసిన వాన మీ దాకా వచ్చేస్తుంది. 2021 నవంబరులో అప్పటి కడప జిల్లాలోనే చెయ్యేరు నది పొంగి, అన్నమయ్య ప్రాజెక్టు కట్టనే తెంచేసింది.

అందుకే అంచుకు దూరంగా, వంక కన్నా ఎత్తులో చదునైన నేల వెతకాలి. రాతినేలలో మేకులు దిగవు కనుక తాళ్లను బరువైన రాళ్లకు కట్టాలి. రాయి ఎత్తేముందు కర్రతో కదిలించండి, కింద తేలు ఉండొచ్చు. వెళ్తే చలికాలంలోనే వెళ్లండి. వేసవిలో పగలంతా కాగిన బండలు రాత్రి కూడా వేడి కక్కుతూనే ఉంటాయి.